పదకొండో వార్డు పిచ్చుకలు

పదకొండో వార్డు ధ్యాన కేంద్రంలో మనసు నిలిస్తే పిచ్చుక పుడుతుంది, నిలవకపోతే వాన పడుతుంది. అందుకని అక్కడికి వచ్చేవాళ్లు గొడుగులు తెచ్చుకుంటారు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. తలపట్టీలు కొత్తగా వచ్చినప్పుడు చప్పుళ్లు మాత్రమే వినిపించేవి. నుదుటికి పట్టీ బిగించి, చెవుల వెనక రెండు బిళ్లలు అంటించి, కళ్లు మూసుకుని ఊపిరి చూసుకోమనేవారు. తలలో పుట్టే అలల్ని ఆ పట్టీ పట్టుకుని పక్కనున్న డబ్బాకి చెప్పేది. అలలు గజిబిజిగా ఉంటే చెవిలో వాన హోరు వినిపించేది. అవి సర్దుకుంటే పిచ్చుక కిచకిచ. ఆ కిచకిచ మళ్లీ వినాలన్న ఆశతో మనసు తనంతట తనే కుదురుకోవడం నేర్చుకుంటుందని చెప్పారు. రెండో నెలలో ఒక మంగళవారం చప్పుడుకి బదులు వానే పడింది. ఆ వెనకే డబ్బా మీద ఒక పిచ్చుక కూర్చుని ఒళ్లు విదుల్చుకుంది. మున్సిపాలిటీవాళ్లు ఫిర్యాదు రాస్తే, అది పై మోడలు లక్షణమని, పొరపాటున మంచిదే పంపామని అమ్మినవాళ్లు జవాబు రాశారు. ఇంజనీరింగు విభాగం వచ్చి, నీళ్లు పోయేలా గచ్చుకి వాటం పెట్టి, మూలన ఒక తూము తీసి వెళ్లింది.

ఇంటికి ఒకరు చొప్పున నెలకోసారి కూర్చోవాలి. తక్కువలో తక్కువ మూడు పిచ్చుకలు రావాలి. రాకపోతే ఆ ఇంటికి కొళాయి మరమ్మతు దగ్గర్నుంచి జనన ధ్రువపత్రం దాకా ఏదీ కదలదు. వకీలు గుమాస్తా ఒకాయన ఏడాదంతా కూర్చుని ఒక్కటీ పుట్టించలేక, చివరికి జలుబు చేసినట్టు డాక్టరు చీటీ పెట్టి ఆ ఏటికి మినహాయింపు తెచ్చుకున్నాడు. ఒక బడి మాస్టారు పిచ్చుకని జేబులో పెట్టుకొచ్చి దొరికిపోయాడు. పిచ్చుకకి ఆ వార్డు కాదని తేలింది. మాస్టార్నీ పిచ్చుకనీ ఇద్దర్నీ వెనక్కి పంపారు.

బొడ్డు పైడమ్మకి మాత్రం కూర్చున్న ప్రతిసారీ పాతికకి తక్కువ వచ్చేవి కావు.

పైడమ్మకి అరవై ఒకటి. జూట్ మిల్లులో పనిచేసి మానేసింది. భర్త సన్నాసిదీ అదే మిల్లు, పొద్దుటి షిఫ్టు. పోయి తొమ్మిదేళ్లయింది. ఒక్కతే కూతురు సుగుణ వెనక వీధిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. యాభై ఎనిమిదో ఏట అక్షర కేంద్రంలో చేరి పైడమ్మ చదవడం, రాయడం నేర్చుకుంది. అంతకుముందు ఏ కాగితం మీదైనా బొటనవేలే. ఇప్పుడు ధ్యాన కేంద్రంలో అంతా కాగితం నింపడానికి ఎవరినో బతిమాలుకుంటుంటే, తను మాత్రం పెన్ను పట్టుకుని, ఒక్కో అక్షరానికీ ఒకసారి ఊపిరి బిగబట్టి, గుండ్రంగా రాసుకునేది. ఆ కాస్త గర్వం ఆవిడకి ఉండేది.

"ఏటే పైడమ్మా, నీ బుర్రలో గూడేటైనా కట్టుకున్నాయేటే?" అనేది పక్కింటి దాలమ్మ, కొంగు పిండుకుంటూ. "నాకు మూడు రావడానికి మూడు తువ్వాళ్లు తడిసిపోతన్నాయి."

"నాకేటి తెలుసే. కళ్లు మూసుకుంటే అయ్యే వత్తన్నాయి."

"నీ మొగుడి పున్నెమే. రోజూ ఆ ఫొటోకి దండెయ్యవేటి? ఆ బావే అంపుతన్నాడు."

పైడమ్మ తల దించుకునేది. వార్డంతా అదే అనుకునేది. సన్నాసి పైలోకం నుంచి పెళ్లానికి పిచ్చుకల్ని పంపిస్తున్నాడని కౌన్సిలరు ఒక మీటింగులో కూడా చెప్పాడు.

నిజం ఏమిటంటే, పట్టీ పెట్టుకుని కళ్లు మూసుకోగానే పైడమ్మకి మధ్యాహ్నం రెండున్నర అయ్యేది. షిఫ్టు దిగి సన్నాసి వచ్చే వేళ. సందు మలుపులో సైకిలు గొలుసు కరకరమనేది. గుమ్మం ముందు ఆగేది. తర్వాత స్టాండు పడేది, ఠక్కుమని. ఆ ఠక్కు ఎలా పడిందో విని, ఆ పూట తనకి ఎలా గడుస్తుందో పైడమ్మ చెప్పగలిగేది. ఊరికి సన్నాసి మంచివాడు. చవితి పందిళ్లకి వెదుళ్లు మోసేవాడు, చచ్చినవాళ్లకి పాడె కట్టేవాడు. ఇంటికొచ్చి ఏ చేత్తో స్టాండు వేసేవాడో ఆ చేత్తోనే పెళ్లాన్ని కొట్టేవాడు. అలా ముప్పై రెండేళ్లు.

తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం రెండున్నరయింది, మూడయింది, స్టాండు పడలేదు. మిల్లు గేటు దగ్గరే గుండె ఆగిందని మనుషులు వచ్చి చెప్పారు. పైడమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే, లోపల ఎక్కడో, ఎన్నాళ్లుగానో నెత్తిన మోస్తున్న బస్తా ఎవరో దింపినట్టు ఒక చల్లదనం తెలిసింది. ఆ చల్లదనానికి సిగ్గుపడి ఇంకా గట్టిగా ఏడ్చింది. ఎంత బాగా ఏడ్చిందో వీధివాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. పట్టీ పెట్టుకున్నప్పుడు ఆవిడకి దొరికేది ఆ చల్లదనమే. రెండున్నరకి చెవి రిక్కించడం, చప్పుడు రాకపోవడం, ఇంక రాదని గుర్తుకు రావడం. అంతే, పిచ్చుకలు. రోజూ ఫొటోకి దండ వేసేది అందుకే. వేసే ప్రతిసారీ మనసులో క్షమించమని అడిగేది.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. సుగుణకి అసలు తెలియకూడదు. సుగుణ తండ్రి ముద్దుల కూతురు. చెయ్యి ఎప్పుడూ దాని మీద పడలేదు. ఏటేటా తండ్రి పేరన పదిమందికి అన్నం పెడుతుంది.

ఆషాఢంలో కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట పిచ్చుక ఎక్కడినుంచి వచ్చిందో కాగితం మీద రాయాలి. ఆ గడి పేరు 'మూలం'. రాసిన మూలం నిజమైతే పిచ్చుకలు వస్తాయి, కాకపోతే వాన. మూడు అవకాశాలు. మూడోదీ తప్పితే ఆ మనిషికి అంతవరకూ పుట్టిన పిచ్చుకలన్నీ పుట్టనట్టుగా పరిగణిస్తారు. అయిదో వార్డులో అలా ఒకసారి జరిగింది. ఉదయం పది గంటలకి ఉత్తర్వు అమలైంది, పదీ అయిదుకి చూరుల కింద ఏమీ లేదు. పదకొండో వార్డులో పైడమ్మకి పుట్టినవే ఆరువందల పన్నెండు ఉన్నాయి.

పైడమ్మ వంతు వచ్చిన రోజు సుగుణ గొడుగు పట్టుకుని తల్లితో వచ్చింది. కేంద్రం పర్యవేక్షకుడు మజ్జి సింహాచలం కాగితం ఇచ్చాడు. నెమ్మదైన మనిషి. ఎప్పుడూ గొంతు పెంచడు, ఎప్పుడూ తడవడు. ఆయన కుర్చీ ఉన్నచోట వాన పడకుండా మొదట్లోనే రేకు వేయించుకున్నాడు.

పైడమ్మ 'దేవుడి దయ' అని రాసింది. పట్టీ బిగించగానే ధారగా వాన పట్టుకుంది. చుట్టుపక్కల ఎక్కడా లేదు, పైడమ్మ మీదే.

"అబద్ధమని అనడం లేదమ్మా" అన్నాడు సింహాచలం. "సరిపోలలేదు, అంతే. చాలామందికి ఆ మూలం సరిపోలడం లేదు. ఇంకోటి రాయండి."

పైడమ్మ ఆలోచించి 'నా కూతురు సుగుణ' అని రాసింది. సుగుణ తల్లి భుజం మీంచి చూసి చిన్నగా నవ్వుకుంది. పట్టీ బిగించారు. ఒక్క పిచ్చుక బయటికొచ్చింది, నిండా తడిసి. దాని వెనకే మళ్లీ వాన. సుగుణ గొడుగు విప్పి తల్లి మీద పట్టింది. ఆ గొడుగు కింద పైడమ్మకి తలెత్తాలనిపించలేదు. కన్నకూతురి పేరు మీద వాన పడింది, అదీ కూతురి కళ్లముందే.

"పోన్లే అమ్మా" అంది సుగుణ. "నన్ను తలుచుకుంటే నీకు బెంగే కదా, నిమ్మళం ఎక్కడిది?"

"నువ్వెల్లి పొడి కోక అట్టుకురా గుంటా. వణుకొత్తంది."

సుగుణ వెళ్లింది. వీధి మలుపు తిరిగేదాకా చూసి పైడమ్మ పెన్ను తీసుకుంది. కాగితం తడి ఆరని అరచేత్తో కప్పుకుని, బడిపిల్ల పలక దాచుకున్నట్టు రాసింది. ఈ అక్షరాలు నేర్చుకున్నది ఇందుకా అనిపించింది. బొటనవేలికి ఎంత సుఖం, అది ఏమీ చెప్పదు. 'మా ఆయన సైకిలు స్టాండు చప్పుడు ఇంక రాదు' అని రాసి, కాగితం బోర్లించి ఇచ్చింది.

సింహాచలం తిరగేసి చదివాడు. పట్టీ బిగించాడు. నలభై ఒక్క పిచ్చుకలు వచ్చాయి. పొడిగా ఉన్నాయి.

"సరిపోలింది" అని ఆయన వివరాల పుస్తకం తెరిచాడు. "సైకిలు రంగు?"

"నలుపు, బావూ."

"ఇప్పుడెక్కడుంది?"

"వసారాలో. గోడకి జేరేసుంది."

"చప్పుడు ఎప్పుడు ఆగింది?"

"తొమ్మిదేళ్లయింది."

"అంతకుముందు ఎన్నేళ్లు వచ్చింది?"

"ముప్పై రెండు."

"తయారీకి ముప్పై రెండేళ్లు" అని చెప్పుకుంటూ రాసుకున్నాడు. "సంతకం పెట్టండి. మూడు రోజులు నోటీసు బోర్డులో ఉంటుంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పొచ్చు."

"బోర్డులోనా? అందరూ సూత్తారు కదా బావూ."

"చూడ్డానికేనమ్మా బోర్డు."

మర్నాడు కేంద్రం తలుపు తీసే వేళకే పైడమ్మ నోటీసు బోర్డు ముందు నిలబడింది. వీపు కాగితానికి ఆనించి, చాలనిచోట గొడుగు తెరిచి అడ్డం పెట్టుకుంది. లోపలికి వెళ్లేవాళ్లు వాన బయటికి కూడా వచ్చిందా అని ఒకసారి ఆకాశం చూసి వెళ్లారు.

"ఇక్కడ నిల్సున్నావేటే?" అని దాలమ్మ అడిగింది.

"నడుం పట్టేసింది. గోడకి ఆనుకుంటే సుకంగున్నాది."

"మీ ఇంటికి గోడల్నేవేటి?"

"అయి సల్లగుంటాయే."

రెండోరోజు సింహాచలం వచ్చి కాసేపు చూశాడు. "బోర్డుకి అడ్డంగా నిలబడకూడదన్న నిబంధన లేదు" అని కుర్చీ తెచ్చి వేశాడు. "కూర్చున్నా తప్పులేదు." పైడమ్మ కూర్చోలేదు. కూర్చుంటే కాగితం తల మీదుగా కనిపిస్తుంది. రెండు రోజులూ కాళ్లు వాచేలా నిలబడి, ఎదురుగా పోయేవాళ్ల మొహాలు చూస్తూ, వీళ్లలో ఎవరికి తెలిసిపోయిందో అని లెక్కలేసుకుంది. తనకి తెలిసిన సంగతిని తన వీపుతోనే ఊరికి దాస్తోంది. సన్నాసి ఉన్నప్పుడూ అంతే. కమిలిన వీపు గోడకి ఆనించి నవ్వుతూ మాట్లాడడం ఆ వీపుకి అలవాటైన పనే.

మూడోరోజు మధ్యాహ్నం సుగుణ గిన్నెలో చద్దన్నం, ఉల్లిపాయ పట్టుకొచ్చింది.

"జరుగమ్మా."

"ఏటున్నాదే అక్కడ? పన్నుల కాయితాలు."

"తెలుసు. జరుగు."

పైడమ్మ జరగలేదు. సుగుణ గిన్నె కుర్చీలో పెట్టి, తల్లి రెండు భుజాలూ పట్టుకుని, కుట్టుమిషను కింద గుడ్డ జరిపినట్టు పక్కకి జరిపింది. కాగితం చదివింది. ఒకసారే చదివింది. తల్లి గోడవైపు తిరిగిపోయింది.

బోర్డు పక్కన దారంతో కట్టిన పుస్తకం ఉంటుంది. అందులో అభ్యంతరం ఉన్నవాళ్లకి ఒక పేజీ, లేనివాళ్లకి ఒక పేజీ. సుగుణ లేనివాళ్ల పేజీలో సంతకం పెట్టి, బంధుత్వం అన్నచోట 'కూతురు' అని రాసింది.

"తాగొచ్చిన నాడు స్టాండు ఒక్కపాలి పడీది కాదు" అంది పెన్ను మూత పెడుతూ. "రెండుసార్లు పడీది. ఒకటి పడ్డాక రెండోది ఎప్పుడు పడతాదా అని సూసీదాన్ని."

పైడమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. "నువ్వు తొంగునీదానివి కదే. బియ్యం డబ్బా ఎనకాల. నేనే సూసీదాన్ని, నిద్దరోతన్నావని."

"కళ్లు మూసుకునీదాన్ని. ఊపిరి లెక్కెట్టుకునీదాన్ని. లోపలికొకటి, బయటికొకటి." సుగుణ గిన్నె మూత తీసి తల్లి చేతికిచ్చింది. "ఈ సింహాచలంగారు ఇప్పుడు అందరికీ నేర్పుతన్నారు కదా, అదే. తిను."

పైడమ్మ తింది. ఇన్నేళ్లూ ఒక సిగ్గే అనుకుంది. దాని కింద ఇంకొకటి ఉంది. తనకి నిమ్మళం దొరికిందని కూతురికి తెలియకుండా దాచింది సరే, కూతురికి భయం ఉందని తను తెలుసుకోలేదు. తన చెవి ఎప్పుడూ సందు మలుపులోనే ఉండేది, బియ్యం డబ్బా వెనక్కి ఎప్పుడూ పోలేదు.

అభ్యంతరాలు రాలేదు. కాగితం జిల్లా కార్యాలయానికి వెళ్లింది. అక్కడ దాన్ని శ్రద్ధగా చదివారు. అన్ని వార్డుల్లోనూ జనం దేవుణ్ణి, కొండల్ని, చిన్నతనాన్ని మూలంగా రాసి తడుస్తున్నారు. మొదటిసారి ఒక మూలం దగ్గర నలభై ఒకటి వచ్చాయి. పై అధికారులు దాని తర్కం పట్టుకున్నారు. ఈవిడకి శాంతి దేనివల్ల వచ్చింది? చప్పుడు ఆగడం వల్ల. ఆగాలంటే ముందు ఉండాలి. అంటే జనానికి శాంతి రాకపోవడానికి కారణం, వాళ్లకి ఆపడానికి తగిన చప్పుడు లేకపోవడమే. ముప్పై రెండేళ్లు ఎక్కువవుతుంది కాబట్టి ముప్పై రెండు నిమిషాలకి కుదించారు. సైకిల్ని స్వాధీనం చేసుకోమనీ, చప్పుడు సహాయకురాలిగా పైడమ్మనే నియమించమనీ, ఆ చప్పుడు బాగా తెలిసిన మనిషి ఆవిడేననీ ఉత్తర్వులో రాశారు.

"నాను సెయ్యలేను బావూ" అంది పైడమ్మ.

"చేయలేకపోవడానికి కారణం రాసివ్వండమ్మా" అని సింహాచలం కాగితం ఇచ్చాడు. "మూడు రోజులు బోర్డులో పెడతాం."

పైడమ్మ కాగితం వెనక్కి ఇచ్చేసింది.

వసారాలోంచి సైకిలు తెచ్చి, గొలుసు తుప్పు గీకి, హాలు ముందు గచ్చు మీద పెట్టారు. స్టాండు కింద బాగా చప్పుడు రావడానికి ఇనుప రేకు వేశారు. పైడమ్మకి ఒక పీట, ఒక రిజిస్టరు. ముప్పైమంది పట్టీలు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. దాలమ్మ ఉంది, వకీలు గుమాస్తా ఉన్నాడు. ఆ రోజు తన వంతు కాబట్టి రెండో వరసలో సుగుణ ఉంది.

"కళ్లు మూసుకోండి. ఊపిరి చూసుకోండి" అన్నాడు సింహాచలం. తర్వాత పైడమ్మకేసి తలాడించాడు.

పైడమ్మ సైకిలు ముందుకి నడిపించింది. గొలుసు కరకరమంది. అంతే, ఇంకా స్టాండు వేయకముందే, రెండో వరసలో సుగుణ కాలివేళ్లు ముడుచుకున్నాయి. మిగతావాళ్లకి ఇంకా ఏమీ తెలియదు. పైడమ్మ చూసింది. చేతులు ఆగాయి.

"అమ్మా" అన్నాడు సింహాచలం మెల్లగా. "రిజిస్టరులో టైము పడిపోయింది."

స్టాండు వేసింది. ఠక్. హాలంతా ఒక్కసారి వాన కురిసింది. ముప్పైమందీ బిగుసుకుపోయారు. ముప్పై రెండు నిమిషాలూ చప్పుడు సాగాలి కాబట్టి రెండోసారి వేయాలి. ఎంతసేపు ఆగాలో ఉత్తర్వులో లేదు, సహాయకురాలి అనుభవానికి వదిలేశారు. పైడమ్మకి తెలుసు. వెంటనే వేస్తే మనిషికి భయపడడానికి వ్యవధి ఉండదు. మరీ ఆలస్యమైతే తేలికపడతారు. మధ్యలో ఒకచోట ఉంది, మెడ నరాలు తాళ్లయ్యేచోట, ఊపిరి బయటికి పోవడం మరిచిపోయేచోట. ముప్పై రెండేళ్లు తను వెయ్యిసార్లు నిలబడిన చోటు. చెయ్యి దానంతట అది సరిగ్గా అక్కడే కదిలింది. ఠక్. ఆ చప్పుడు సన్నాసి చప్పుడులాగే పడింది. తన చేతిలో అది ఎంత బాగా కుదిరిందో విని పైడమ్మకి చచ్చేంత సిగ్గేసింది.

ముప్పై రెండో నిమిషానికి సింహాచలం "ఇక రాదు" అని ప్రకటించాడు. వాన వెలిసింది. ముప్పైమంది నెత్తి మీంచీ బస్తాలు దిగినట్టయింది. మూడువందల తొంభై పిచ్చుకలు వచ్చాయి. వకీలు గుమాస్తాకి ఏడు. ఆయన కళ్లు తుడుచుకుని పైడమ్మ కాళ్లకి దండం పెట్టాడు. సుగుణ ఒక్కదానికే యాభై రెండు. వార్డు మొత్తం మీద అదే ఎక్కువ. ఆవిడ పేరు బోర్డు మీద పెట్టారు.

ఇంటికి వెళ్లే దారిలో సుగుణ కొంగు పిండుకుంటూ అంది. "అమ్మా, రేపట్నుంచి కొంచెం మెల్లగా వెయ్యవే."

"అలాగేనే."

మర్నాడు పైడమ్మ స్టాండు మెల్లగా వేసింది. నూట పదకొండు వచ్చాయి. సాయంత్రానికల్లా సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. శాంతి తగ్గడం వల్ల ఏయే ఇళ్ల కొళాయిలు ఆగిపోయాయో కింద జాబితా ఉంది. వీధి మొత్తానికి ఒకటే గొట్టం కాబట్టి అందులో సుగుణ ఇల్లు కూడా ఉంది. మూడోరోజు పైడమ్మ స్టాండు మామూలుగా వేసింది.

పద్ధతి మిగతా వార్డులకి పాకింది. బడులవాళ్లు అడిగారు, మిల్లువాళ్లు అడిగారు. సైకిళ్లు చాలకపోతే బెల్టులు, తలుపు గొళ్లేలు, దగ్గులు కూడా పనికొస్తాయని సవరణ వచ్చింది. కొన్ని ఇళ్లవాళ్లు తమకి కేంద్రానికి రావాల్సిన అవసరం లేదని, ఆ ఏర్పాటు తమ ఇంట్లో ముందునుంచే ఉందని అర్జీ పెట్టుకున్నారు. విచారణకి వెళ్లినవాళ్లకి ఆ ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు చాలా నెమ్మదిగా కనిపించారు. మినహాయింపు ఇచ్చారు. అలాంటి ఇళ్లు పదకొండో వార్డులో సగానికి పైగా తేలాయి.

మెల్లగా వెయ్యమని సుగుణ మళ్లీ అడగలేదు. నెల తిరిగేసరికి తన వంతుకి వచ్చింది, కళ్లు మూసుకుంది, కాలివేళ్లు ముడుచుకుంది, యాభై రెండు ఇచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది.

నెలాఖరుకి రిజిస్టరులో లెక్కలు కడుతూ పైడమ్మ పెన్ను ఆపింది.

"బావూ, అడిగీవోలు అడగడం మానేత్తే అదీ ఈ గడిలోనే రాయాల?"

సింహాచలం రిజిస్టరు తనవైపు తిప్పుకుని, పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూశాడు.

"శాంతి గడిలోనే అమ్మా" అన్నాడు. "వేరే గడి లేదు."

పైడమ్మ ఊపిరి బిగబట్టి, గుండ్రంగా రాసింది.